ఎస్తేరు బర్నెల్ మిల్సు

ఎస్తేరు అను పేరు మన పాఠశాల హాజరుపట్టీలో ప్రతి సంవత్సరమును ఏదో యొక తరగతియందు కనబడుచునే యుండును. పరిశుద్ధ గ్రంథమందలి ఎస్తేరు రాణి కథ మన బాలబాలికలకు నోటికి వచ్చినదే. ఇప్పుడు మేము చెప్పబూనిన ఎస్తేరు రాణి కాదు. ఆమెకు నగలును లేవు, నగరును లేదు. అమెరికా దేశమున కొలరాడో రాష్ట్రములో, రాకీ పర్వతముల నడుమ, బాటసారులకు కొండదారి చూపుటయే వృత్తిగా స్వీకరించిన స్త్రీ యామె. ఆ దేశపు జాతీయోద్యానవనములలో ప్రభుత్వమువారి యనుమతి బడసి ప్రకృతి మార్గదర్శులుగా పనిచేసిన మొదటి స్త్రీలు ఇరువురు. ఒకతె ఎస్తేరు బర్నెల్, రెండవ యామె ఆమె తోబుట్టువు ఎలిజబెతు బర్నెల్.

వీరి కథ తెలియవలెనన్న ముందుగా ఆ కొండ సంగతి కొంత తెలియవలెను. లాంగ్స్ పీక్ అను శిఖరము 14,259 అడుగుల యెత్తు గలది. మన దక్షిణ దేశమున ఉదకమండలము చెంతనున్న దొడ్డబెట్ట 8,652 అడుగులు మాత్రమే. లాంగ్స్ పీక్ పాదముననున్న విడిది యిల్లే సుమారు 9,000 అడుగుల యెత్తున నుండెను, అనగా మనము శిఖరమని యెక్కి సంతోషించు చోటికి పైనుండియే వారి యెక్కుడు ఆరంభమగును. 11,000 అడుగులు దాటిన పిమ్మట చెట్లు ఆగిపోవును. ఆ సరిహద్దున మ్రానులు నిలువుగా ఎదుగజాలవు. గాలి వచ్చు దిక్కున కొమ్మలన్నియు నశించి, రెండవ దిక్కునకు మాత్రము జెండాగుడ్డవలె సాగియుండును. మరికొన్ని గాలికి వెరచి నేలను ప్రాకుచు బ్రతుకును. మోకాలెత్తు లేని చెట్టు వందల సంవత్సరముల వృద్ధురాలై యుండుట అచ్చట వింత కాదు. అటుపైన రాళ్ళును, గడ్డియు, చిన్ని పువ్వులును, మంచును మాత్రమే. వేసవియందు మధ్యాహ్నము దాటినచో ఆకస్మికముగా మబ్బులు క్రమ్మి పిడుగులు పడుచుండును. కావున శిఖరమెక్కువారు తెల్లవారుటకు చాల ముందుగా లాంతరుతో బయలుదేరి, మధ్యాహ్నమునకు క్రిందికి దిగి చెట్ల చాటునకు చేరుటకు చూతురు. దారిలో బండలమయమైన మైదానమొకటి దాటి, తాళపుచెవి దూరు రంధ్రమువలెనున్న ఒక సందున దూరి, కొండ వెనుక ప్రక్కకు పోయి, ఒక ప్రక్క గోడయు మరియొక ప్రక్క లోయయు గల ఇరుకు బాట వెంట నడువవలెను.

1873వ సంవత్సరమున ఇసబెల్లా బర్డ్ అను ఆంగ్ల వనిత ఈ శిఖరమెక్కెను. జిమ్ నూజెంట్ అను కొండవాసి దారి చూపి, కష్టమైన చోట్ల ఆమెను త్రాడుతో లాగి, మోసినంత పనిచేసి పైకి చేర్చెనని ఆమెయే వ్రాసికొన్నది. ఈమె తరువాతి కాలమున మన దేశమునకు వచ్చి, కాశ్మీరములో తన భర్త జ్ఞాపకార్థము మిషను వైద్యశాల నెలకొల్పుటకు ధనమిచ్చినది. ధైర్యమునందు ఆమెకు లోటు లేదు. అయినను, ఆ కాలమున కొండపై స్త్రీ యన్న ఎవరో చేయిపట్టి నడిపింపవలసినది యనియే లోకమెఱిగెను. నలువది నాలుగేండ్లు గడచిన పిమ్మట ఇతరులను చేయిపట్టి నడిపించు పనికి ఇరువురు స్త్రీలు ముందునకు వచ్చుటయే యిచ్చటి విశేషము.

వారినందుకు ప్రోత్సహించినవాడు ఈనాస్ మిల్సు. ఇతడు 1870లో కాన్సాస్ రాష్ట్రమున జన్మించి, బాల్యమున ఆరోగ్యము లేక, పదునాలుగవ యేట ఒంటరిగా ఈ కొండలకు వచ్చి చేరెను. తానే దుంగలు నరికి పేర్చుకొని చిన్న గుడిసె కట్టుకొనెను. 1889లో సాన్ ఫ్రాన్సిస్కో నగరపు సముద్రతీరమున జాన్ మ్యూర్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు దైవికముగా నెదురుపడి, ఈ యువకుని మనస్సును అడవుల సంరక్షణమునకు మరలించెను. మిల్సు లాంగ్స్ పీకును సుమారు 300 పర్యాయములు ఎక్కినవాడు. అతని పట్టుదలయే ముఖ్యకారణముగా 1915వ సంవత్సరము జనవరి 26వ తేదీన రాకీ పర్వత జాతీయోద్యానవనము ఏర్పడెను. శిఖరపు పాదమున అతడు లాంగ్స్ పీక్ ఇన్ అను విడిది యిల్లు నడుపుచుండెను. అందు మద్యము లేదు, పేకాట లేదు, నాట్యము లేదు. అడవిపూలు కోయరాదు. రాత్రులయందు పొయ్యిచుట్టు కూర్చుండి మిల్సు చెప్పు జంతువుల కథలు వినుటయే అచ్చటి వినోదము. ఇట్టి యింట అతిథులుండిరా యని మా తరగతిలో నొక పిల్లవాడు అడిగెను. చోటు చాలనంతగా నుండిరి.

1916వ సంవత్సరపు వేసవిలో బర్నెల్ సోదరీమణులు ఈ యింటికి అతిథులుగా వచ్చిరి. ఎలిజబెతు గణితశాస్త్రము చదివి ఉపాధ్యాయినిగా నుండెను. ఎస్తేరు చిత్రలేఖనపు చదువు చదివి, ఓహైయో రాష్ట్రపు క్లీవ్లెండు పట్టణమున ఇండ్ల లోపలి భాగములకు రంగులు, అలంకారములు కుదుర్చు పనిచేయుచుండెను. ఆ పనిలో అలసి సొలసి, కొన్ని దినముల విశ్రాంతి కొరకే యామె వచ్చినది. సెలవు ముగిసెను, తిరిగి పోలేదు. గోడలకు రంగులు నిర్ణయించుచుండిన కన్నులకు, సాయంకాలపు వేళ గడియగడియకు రంగు మార్చుకొను ఆ శిఖరము ఏమి కనిపించినదో మేము చెప్పజాలము గాని, పట్టణమునకు మరల పోయి పాత కొలువున చేరుటకు మాత్రము ఆమెకు మనసొప్పలేదు.

అమెరికాలో 1862 నాటి చట్టమొకటి యుండెను. ప్రభుత్వపు భూమిలో 160 ఎకరముల వరకు తీసికొని, దానిలో ఇల్లు కట్టి, నియమిత కాలము కాపురముండి సాగుచేసినవారికి ఆ భూమి స్వంతమగును. ఇరువది యొక్క సంవత్సరములు నిండిన అవివాహిత స్త్రీకిని ఈ హక్కు గలదు. ఎస్తేరు ఈ చట్టము క్రింద ఎస్టెస్ పార్కు గ్రామమునకు దగ్గరలో భూమి పట్టి, చిన్న గుడిసె వేయించుకొని, ఆ చలికాలమంతయు అందులో ఒంటరిగా గడపెను. నీరు గడ్డకట్టు చలిలో, గడప మునుగునంత మంచులో, తన కట్టెలు తానే తెచ్చుకొని తన వంట తానే చేసికొని యుండెను. మిల్సు వ్రాయు పుస్తకముల ప్రతులు తయారుచేయుట ఆమెకు జీవనాధారము. దూరప్రయాణమునకు కాళ్ళకు మంచుచెప్పులు కట్టుకొని పోవుచుండెను. ఇవి చట్రమునకు తోలుపట్టీలు అల్లిన వెడల్పాటి పాదములు, జల్లెడలవంటివి. మనిషి బరువును విశాలముగా పరచుటచేత కాలు మంచులో దిగబడదు. వీటితో ఆమె ఆ ఖండమును రెండుగా విభజించు పర్వతశ్రేణిని శీతకాలమందే దాటెను.

ఇంతలో మిల్సు ఆ యక్కచెల్లెండ్రకు ప్రకృతి మార్గదర్శకత్వమును నేర్పెను. ఈ మాటను ప్రచారమునకు తెచ్చినవాడతడే. సామాన్యపు గైడు యాత్రికుని శిఖరమునకు చేర్చి క్షేమముగా దించును. అంతటితో అతని పని తీరినది. ప్రకృతి మార్గదర్శి పని వేరు. ఎంత దూరము పోయితిమన్నది ముఖ్యము కాదు. ఒకనాడు అరమైలు మాత్రమే నడచినను నష్టము లేదు. బీవరు అను జంతువు పండ్లతో చెట్టు కొరికి పడవేసి, కొమ్మలును మట్టియు చేర్చి ఏటికి ఆనకట్ట కట్టును. ఆ ఆనకట్ట ప్రక్కన పిల్లలను కూర్చుండబెట్టి, నీరు ఎటు మరలెను, చెరువెట్లు ఏర్పడెను, ఆ చెరువు పూడి పచ్చిక బయలెట్లగును అని వారిచేతనే చెప్పించును. పేర్లు వల్లె వేయింపడు. పూవు పేరు తెలిసినంతమాత్రమున పూవు తెలిసినట్లు కాదని మిల్సు అభిప్రాయము. అది ఎచ్చట పెరుగును, ఎవరు దానియొద్దకు వత్తురు, ఎవరు దానికి శత్రువులు, మంచులో దాని గతియేమి అని వెదకిననాడు పేరు తనంతట తానే నిలుచును. చలికాలమున తెల్లగాను వేసవియందు రాళ్ళరంగుగాను రెక్కలు మార్చు టార్మిగన్ అను పక్షిని బూటకాలికి పదడుగులలో నుండియు పిల్లలు చూడలేకపోయినప్పుడు, ఉపాధ్యాయుడు చూపరాదు. వారే కనుగొనువరకు ఊరకుండవలెను.

ఇచ్చట మా సంగతి యొకటి ఒప్పుకొనవలసి యున్నది. ఉపాధ్యాయ శిక్షణము పొందునపుడు వస్తుపాఠమును, ప్రకృతి పరిశీలనమును మేమును చదివితిమి, పరీక్షలో మంచి గుణములును తెచ్చుకొంటిమి. తరువాత ఎన్నియో సంవత్సరములు వేపాకు భాగములను నల్లబల్లపై బొమ్మ వేసి చూపితిమి. కిటికీ వెలుపల చేయి చాచినచో అందునంత దూరమున వేపచెట్టు ఉండెను. ఒకనాడు గాలికి ఆకొకటి లోపలికి వచ్చి పడగా, అది బొమ్మలో నున్నట్లు లేదేమి యని వెనుక బల్ల పిల్ల అడిగెను. బర్నెల్ సోదరీమణుల చరిత్ర మాకు ప్రియమగుటకు ఆ ప్రశ్న కొంత కారణము.

విడిది యింటికి వచ్చు కుటుంబములలోని బాలబాలికల కొరకు మిల్సు దారి పాఠశాల యొకటి నడిపెను. దీనికి గోడలు లేవు, గంట లేదు, పుస్తకము లేదు. దీనిలో బోధించుటకు ఎస్తేరును, ముఖ్యముగా ఎలిజబెతును నియుక్తులైరి. అయితే జాతీయోద్యానవనమున జనులను నడిపింపవలెనన్న అధికారుల యనుమతి కావలెను. 1917లో వీరిరువురును అనుమతి కోరగా, ఉద్యానవనపు అధికారి వారిని పరీక్షించెను. పరీక్షలో నెగ్గిరి. అనుమతి వచ్చెను గాని, ఒక షరతుతో వచ్చెను: చెట్ల సరిహద్దునకు పైకి గాని, రాత్రి బస చేయవలసిన ప్రయాణములకు గాని పురుషుడగు మార్గదర్శి తోడు లేక వీరు జనులను కొనిపోరాదు.

ఈ షరతును గూర్చి మేము చాలసేపు ఆలోచించితిమి. పైనున్న పిడుగులును జారుడు మంచును నిజమైన అపాయములే, అధికారి భయము పూర్తిగా నిష్కారణమని మేమనజాలము. కాని పిడుగు స్త్రీపురుష భేదమెరుగునా? మార్గదర్శికి కావలసినది మబ్బు చూచి వెనుకకు మరలు బుద్ధియు, అలసినవానిని కనిపెట్టు కన్నును, దారి తెలిసిన పాదమును. వీనిలో లోపమున్నచో పరీక్షలోనే తప్పింపవలసినది. నెగ్గిన పిమ్మట గీత గీయుట న్యాయముగా లేదు. అయినను ఆ సోదరీమణులు కోపగించి పని మానలేదు. ఇచ్చిన మేరకు పుచ్చుకొని, చెట్ల క్రిందనే పాఠశాల సాగించిరి. కొలదికాలమునకే ఎలిజబెతు జనులను లాంగ్స్ పీక్ శిఖరము వరకును తానే తోడ్కొని పోవుచుండెను. ఆ శిఖరమునకు మొదటి స్త్రీ మార్గదర్శి యని ఆమెకు పేరు వచ్చెను. గణితము చెప్పిన ఉపాధ్యాయిని కదా, అడుగులు తప్పకుండ లెక్కించియుండును! తరువాతి కాలమున ఆమె కాలిఫోర్నియా రాష్ట్రపు లాస్ ఏంజిలిస్ పట్టణ పాఠశాలలలో ప్రకృతి విద్యను బోధించుటకు పోయెను. వీరు త్రొక్కిన బాటలోనే 1920లో ఎల్లోస్టోన్ వనమున ఇసబెల్ బాసెట్ వాసన్, 1921లో యోసెమైట్ వనమున ఈనిడ్ మైకేల్ ప్రభుత్వోద్యోగినులుగా ప్రకృతిని బోధించిరి.

1918వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన ఎస్తేరు ఈనాస్ మిల్సును వివాహమాడెను. వివాహము ఏ దేవాలయములోను గాక, అతడు బాల్యమున కట్టుకొనిన దుంగల గుడిసెయందు జరిగెను. వరునకు 48 ఏండ్లు. మరుసటి సంవత్సరము కుమార్తె కలిగెను. ఎండా అని పేరిడిరి. ఆ సంసారమునకు దేవుడిచ్చిన కాలము నాలుగేండ్లు మాత్రమే. ఉద్యానవనపు దారులపై బండ్లు నడుపు హక్కును 1919లో ఒకే సంస్థకు కట్టబెట్టుటను గూర్చి మిల్సు ప్రభుత్వముతో పోరాడి అలసియుండెను. 1922 ఆరంభమున న్యూయార్కు నగరమున భూగర్భపు రైలు ప్రమాదమున గాయపడి, ఆరోగ్యము చెడి, ఆ సెప్టెంబరు నెలలో తన కొండ పాదముననే మరణించెను. ఎస్తేరు చేతిలో మూడేండ్ల బిడ్డ, నెత్తిపై పెద్ద విడిది యిల్లు, బీరువాలో భర్త ముగింపని వ్రాతలు మిగిలెను.

అమ్మివేసి పట్టణమునకు పోవుట సులభము. ఆమె యట్లు చేయలేదు. ఇరువది యేండ్లకు పైగా ఆ యింటిని భర్త పెట్టిన నియమములతోనే నడిపెను. 1925 జనవరిలో ఆ కొండపై జరిగిన ఘోరము ఆమె యింటిని కూడ తాకెను. ఏగ్నెస్ వేల్ అను డెన్వరు నగరపు వనిత, వాల్టర్ కీనర్ అను స్విస్ దేశీయునితో కలసి, అంతవరకు చలికాలమున ఎవరు నెక్కని తూర్పు ముఖమున శిఖరమెక్కెను. దిగునపుడు ఆమె జారిపడి, ఇక కదలలేక మంచులో నుండిపోయెను. కీనర్ సహాయమునకు పరుగెత్తి, కొందరిని వెంటబెట్టుకొని తిరిగి వచ్చునప్పటికి ఆమె చలికి ప్రాణము విడిచియుండెను. ఆ సహాయమునకు బయలుదేరిన వారిలో లాంగ్స్ పీక్ ఇన్ కాపలాదారుడగు హెర్బర్ట్ సోర్ట్లండు ఒకడు. గాలిమంచులో దారి తప్పి అతడును మరణించెను. చాల దినముల పిమ్మట అతని దేహము ఆ యింటికి సమీపముననే దొరకెను. ఇల్లు కనబడు దూరమున మనిషి దారి తప్పునంతటి మంచు అది. కీనర్ చేతివ్రేళ్ళును కాలివ్రేళ్ళును చాలమట్టుకు పోగొట్టుకొనెను. ఆయన తరువాత వృక్షశాస్త్రము చదివి, చెట్ల సరిహద్దునకు పైన ఆ లాంగ్స్ పీకుమీదనే పెరుగు చిన్ని మొక్కలను పరిశోధించి పండితుడయ్యెను. కొండ తననుండి తీసికొనినదానికి బదులు దానినుండి విద్యను పుచ్చుకొనిన మనిషి! మిల్సు బ్రతికియుండినచో ఈయనను తన బడికి పిలిచియుండును.

ఎస్తేరు పగలు అతిథులను, రాత్రి కాగితములను చూచుకొనెను. భర్త వ్రాతలను సేకరించి, దిద్ది, ఆయన మరణానంతరము గ్రంథములుగా వెలువరించెను. భూగర్భశాస్త్ర విషయమున నొకటి 1926లోను, పక్షులను గూర్చి యొకటి 1931లోను వచ్చెను. 1935లో హిల్డెగార్డ్ హాథార్న్ అను రచయిత్రితో కలసి ఈనాస్ మిల్సు జీవితచరిత్రమును ప్రకటించెను. తన జీవితమును మాత్రము గ్రంథముగా వ్రాసికొనలేదు. ఒంటరి గుడిసెలో గడపిన ఆ మొదటి చలికాలమును గూర్చి ఆమె స్వహస్తముతో నొక పుస్తకము వ్రాసియుండినచో మన బాలికలకు ఎంత ఉపకారమై యుండెడిది!

వృద్ధాప్యము దాపురింపగా విడిది యింటిని ఇతరుల కమ్మెను. 1949లో అది అగ్నికి ఆహుతియయ్యెను. ఎస్తేరు 1964లో పరలోకగతురాలయ్యెను. ఎండా తలిదండ్రుల గ్రంథములను, ఆ దుంగల గుడిసెను కాపాడుచు వచ్చెను. 1973లో ఆ గుడిసె అమెరికా చారిత్రక స్థలముల జాతీయ పట్టికయందు చేర్చబడెను. దాని వాకిట నిలిచి తలయెత్తినచో లాంగ్స్ పీక్ కనబడును.